బ్రౌజర్‌లోనే నడిచే విజువల్ క్వెరీ టూల్ ఎలా తయారు చేయాలి?

విద్యార్థులు చేసిన క్వెరీ టూల్స్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే పరికరాలు) చాలా చూశాను, నేనూ కొన్ని కట్టాను. చూడ్డానికి అన్నీ ముచ్చటగానే ఉంటాయి. టేబుళ్లు పెట్టెల్లా కనిపిస్తాయి, మౌస్‌తో లాగితే గీత పడుతుంది, బటన్ నొక్కితే కింద ఫలితాలు వస్తాయి. రెండు టేబుళ్లు కలిపి మొత్తం ఎంతో అడిగితే మాత్రం చాలావాటిలో తప్పు లెక్క వస్తుంది. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అందుకే ఇక్కడ డిజైన్ గురించి తక్కువగా, జాయిన్ (టేబుళ్లను కలపడం) గురించి ఎక్కువగా చెబుతాను.

కావలసినవి

ఒక హెచ్‌టీఎమ్ఎల్ పేజీ, మామూలు జావాస్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్ డాట్ జేఎస్ లైబ్రరీ, చినూక్ శాంపిల్ డేటాబేస్ (డిజిటల్ సంగీతం అమ్మే ఒక దుకాణం డేటా). అంతే. ఎస్‌క్యూఎల్ డాట్ జేఎస్ అంటే వెబ్‌అసెంబ్లీలోకి (బ్రౌజర్ నడపగల కోడ్ రూపంలోకి) కంపైల్ చేసిన ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఇంజన్. డేటాబేస్ మొత్తం బ్రౌజర్ మెమరీలోనే ఉంటుంది. పేజీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే వెబ్‌అసెంబ్లీ ఫైల్ లోడ్ కాదు, పైథాన్‌తో వచ్చే చిన్న వెబ్ సర్వర్ నడిపి తెరవండి. చినూక్‌లో 11 టేబుళ్లు, 412 ఇన్‌వాయిస్‌లు, 59 మంది కస్టమర్లు ఉంటారు. పరీక్షించడానికి అది సరిగ్గా సరిపోయే సైజు.

సర్వర్, లాగిన్, పెద్ద ఫ్రేమ్‌వర్క్ ఈ ప్రాజెక్టులోకి రానివ్వకండి. లాగిన్ పేజీ మీద మూడు వారాలు పోయాక జాయిన్ గురించి ఆలోచించడానికి టైమ్ ఉండదు.

స్కీమా చదవడం, బొమ్మ గీయడం

స్కీమా అంటే డేటాబేస్‌లో ఏ టేబుళ్లు, ఏ కాలమ్స్ ఉన్నాయో చెప్పే అమరిక. టేబుళ్ల పేర్లు ఎస్‌క్యూలైట్ మాస్టర్ టేబుల్‌లో దొరుకుతాయి. కాలమ్స్ కోసం టేబుల్ ఇన్ఫో ప్రాగ్మా (ఎస్‌క్యూలైట్‌కు ఇచ్చే ప్రత్యేక ఆదేశం), సంబంధాల కోసం ఫారిన్ కీ లిస్ట్ ప్రాగ్మా వాడండి. ఫారిన్ కీ అంటే మరో టేబుల్‌లోని వరుసను చూపించే కాలమ్. రెండో దానితో రెండు జాగ్రత్తలు. ఎదుటి కాలమ్ పేరు కొన్నిసార్లు నల్‌గా (ఖాళీగా) వస్తుంది. అప్పుడు అది ఎదుటి టేబుల్ ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్) అని అర్థం. ఒకే ఐడీతో రెండు మూడు వరుసలు వస్తే అవి వేర్వేరు సంబంధాలు కావు, అన్నీ కలిసి ఒకే కాంపోజిట్ కీ. వాటిని 'అండ్'తో కలిపి ఒకే గీతగా చూపించాలి.

పెట్టెలు డివ్‌లతో, గీతలు ఎస్‌వీజీతో గీయండి. లాగడం, వదలడం ఎలాగో ఎక్కడైనా దొరుకుతుంది, దాని మీద ఒక్కరోజు చాలు. గీతకు బాణం మాత్రం తప్పనిసరి. ఫారిన్ కీ ఉన్న టేబుల్ నుంచి ప్రైమరీ కీ ఉన్న టేబుల్ వైపు చూపించాలి. ఆ బాణం ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

బొమ్మను డేటాగా దాచడం

పెట్టె జరిపిన ప్రతిసారీ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష) స్ట్రింగ్‌కు ముక్కలు అతికించే పద్ధతి వద్దే వద్దు. బొమ్మ మొత్తాన్ని ఒక జేసన్ ఆబ్జెక్ట్‌గా ఉంచండి: ఏయే పెట్టెలున్నాయి, ఏయే గీతలు, ఏ కాలమ్స్ ఎంచుకున్నారు, ఏ ఫిల్టర్లు. దాన్ని తీసుకుని ఎస్‌క్యూఎల్ రాసిచ్చే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. అన్‌డూ, సేవ్ వాటంతట అవే వచ్చేస్తాయి.

ప్రతి పెట్టెకూ టేబుల్ పేరుతో పాటు సొంత గుర్తు కూడా ఇవ్వండి: టీ1, టీ2 అలా. చినూక్‌లో ఎంప్లాయీ టేబుల్‌లో 'రిపోర్ట్స్ టు' కాలమ్ మళ్లీ ఎంప్లాయీ టేబుల్‌నే చూపిస్తుంది. ఉద్యోగి పేరు, పక్కన అతని మేనేజర్ పేరు కావాలంటే అదే టేబుల్ రెండుసార్లు పెట్టాలి. టేబుల్ పేరునే గుర్తుగా వాడిన టూల్ ఇక్కడే కూలిపోతుంది.

ఎస్‌క్యూఎల్ పదాలను బ్లాకులుగా పేర్చే పద్ధతి చాలామందికి ఇష్టం. నాకు నచ్చదు. 1970ల్లో ఐబీఎంలో మోషే జ్లూఫ్ 'క్వెరీ బై ఎగ్జాంపుల్' రూపొందించినప్పుడే, ఖాళీ టేబుల్ చూపించి అందులో కావలసింది నింపమనడం ఎంత తేలికో రుజువైంది. డేటా ఏ ఆకారంలో ఉందో మనిషికి ఆ ఆకారంలోనే కనపడాలి. బ్లాకుల్లో కనిపించేది ఎస్‌క్యూఎల్ వాక్యం ఆకారం, అది నేర్చుకున్నవాడికి ఈ టూల్‌తో పనే లేదు.

జాయిన్: ఇక్కడ నిదానించండి

మొదటి చిక్కు దారి ఎంచుకోవడం. యూజర్ రెండు దూరపు టేబుళ్లు పెడితే మధ్యలో ఏవి కావాలో బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్‌తో (దగ్గరివి ముందు, దూరపువి తర్వాత చూసే పద్ధతి) వెతకొచ్చు. అయితే దగ్గరి దారే సరైన దారి అని ఎక్కడా లేదు. విమానాల టేబుల్‌లో బయల్దేరే విమానాశ్రయం, దిగే విమానాశ్రయం రెండూ ఒకే టేబుల్‌ను చూపిస్తాయి. రెండు దారులూ ఒకే దూరం. ఒకటికన్నా ఎక్కువ దారులుంటే టూల్ సొంతంగా నిర్ణయించకూడదు, రెండూ చూపించి యూజర్‌నే అడగాలి.

రెండో చిక్కు లెఫ్ట్ జాయిన్, అంటే ఎడమ టేబుల్‌లో జత దొరకని వరుసలనూ ఉంచే జాయిన్. చినూక్‌లో 8 మంది ఉద్యోగులుంటే కస్టమర్లను చూసుకునేది ముగ్గురే. ఉద్యోగులందరూ కావాలని లెఫ్ట్ జాయిన్ పెట్టి, కస్టమర్ దేశం బ్రెజిల్ అని ఫిల్టర్ వేశారనుకోండి. ఆ షరతు 'వేర్'లో (జతయ్యాక వడపోసే చోట) పడితే కస్టమర్ లేని ఉద్యోగులు మాయమవుతారు, లెఫ్ట్ జాయిన్ పెట్టీ లాభం లేదు. షరతు 'ఆన్'లో (జత ఎలా కుదరాలో చెప్పే చోట) పడితే 8 మందీ ఉంటారు. రెండూ సరైన ప్రశ్నలే, అర్థాలు వేరు. ఫిల్టర్ పక్కనే 'జతకు ముందు', 'జతయ్యాక' అని రెండు ఎంపికలు పెట్టండి.

మూడోదే అసలు ప్రమాదం. చినూక్‌లో మొదటి ఇన్‌వాయిస్ తీసుకోండి. దాని మొత్తం 1.98. అందులో 0.99 చొప్పున రెండు లైన్లున్నాయి. ఇన్‌వాయిస్‌ను ఇన్‌వాయిస్ లైన్‌తో జాయిన్ చేయగానే ఆ 1.98 రెండు వరుసల్లో కనిపిస్తుంది. 'సమ్' (కూడిక) వేస్తే 3.96. రెండో ఇన్‌వాయిస్ మొత్తం 3.96, లైన్లు నాలుగు, అది 15.84 అవుతుంది. 412 ఇన్‌వాయిస్‌ల అసలు మొత్తం 2328.60 మాత్రమే. ఒక డెమోలో ఇదే తప్పు లెక్కతో గీసిన బార్ చార్ట్‌కు అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చాలా బాధేసింది, ఆ జట్టు నెలల తరబడి నిజాయితీగా కష్టపడింది మరి.

'సమ్'లో 'డిస్టింక్ట్' (ఒకే విలువను ఒక్కసారే లెక్కించమనే మాట) పెడితే సరిపోతుందని చెబుతారు. సరిపోదు. 1.98 మొత్తమున్న ఇన్‌వాయిస్‌లు చాలా ఉన్నాయి, అవన్నీ కలిసి ఒకటిగా లెక్కలోకి వస్తాయి. తప్పు అటు నుంచి ఇటు మారుతుందంతే.

ఇప్పుడు బాణాల దగ్గరకు రండి. 'సమ్' వేసిన కాలమ్ ఏ పెట్టెలో ఉందో అక్కడ నిలబడండి. బాణాల దిశలోనే నడుస్తూ మిగతా పెట్టెలన్నిటికీ చేరగలిగితే లెక్క భద్రం, ఎందుకంటే బాణం దిశలో ఒక వరుసకు ఎదుట ఒకే వరుస దొరుకుతుంది. ఒక్క బాణాన్నైనా ఎదురు దాటాల్సి వస్తే వరుసలు రెట్టింపవ్వొచ్చు. అప్పుడు టూల్ ఆ గీతను ఎర్రగా చూపించి ఆగాలి. 'లైన్ల టేబుల్‌ను ముందే ఇన్‌వాయిస్ వారీగా కుదించి, తర్వాత కలపనా?' అని అడగాలి. ఒప్పుకుంటే ఎదురు వైపు టేబుల్‌ను సబ్‌క్వెరీలో (క్వెరీ లోపలి క్వెరీలో) గ్రూప్ చేసి, ఆ ఫలితంతో జాయిన్ చేయాలి. ఈ తనిఖీకి ముప్పై నలభై లైన్ల కోడ్ కూడా అవసరం లేదు. ఇది లేకుండా ప్రాజెక్ట్ సబ్మిట్ చేయకండి.

ఎస్‌క్యూఎల్ రాసి నడపడం

యూజర్ టైప్ చేసిన విలువల చోట ప్రశ్నార్థక గుర్తులు (?) పెట్టి, విలువలను విడిగా అందించండి; దీన్నే బైండ్ చేయడం అంటారు. టేబుల్, కాలమ్ పేర్లను అలా బైండ్ చేయడం కుదరదు. స్కీమాలో ఉన్న పేరేనని సరిచూసి డబుల్ కోట్స్‌లో పెట్టాలి. కాలమ్ ముందు పెట్టె గుర్తు ఎప్పుడూ ఉండాల్సిందే. ఒట్టి డబుల్ కోట్స్‌లో కాలమ్ పేరు తప్పు రాస్తే, ఎస్‌క్యూలైట్ డిఫాల్ట్‌గా దాన్ని మామూలు స్ట్రింగ్ అనుకుని ప్రతి వరుసలోనూ ఆ తప్పు పేరునే ముద్రిస్తుంది. ముందు టీ1 అని, చుక్క పెడితే ఎర్రర్ ఇస్తుంది. మనకు కావలసింది అదే.

నడిపే ముందు క్వెరీ ఓన్లీ ప్రాగ్మా ఆన్ చేస్తే డేటా మారదు. లిమిట్ 500 పెట్టండి, 500 వరుసలకు మించి రావు. తయారైన ఎస్‌క్యూఎల్ స్క్రీన్ మీద ఎప్పుడూ కనపడుతూనే ఉండాలి, బటన్ వెనక దాచకండి. పెట్టె జరిపితే వాక్యం ఎలా మారుతోందో చూసే చాలామంది జాయిన్ నేర్చుకుంటారు.

చివరగా, చేత్తో రాసిన పదిహేను క్వెరీలు పక్కన పెట్టుకోండి. అవే ప్రశ్నలకు మీ బొమ్మలు జేసన్‌గా దాచి, రెండింటి ఫలితాలూ వరుస వరుసగా పోల్చే చిన్న స్క్రిప్ట్ రాయండి. కోడ్ మార్చిన ప్రతిసారీ నడపండి. ఇన్‌వాయిస్‌ల మొత్తం 2328.60 రావాలి. లైన్ల పెట్టె పక్కకు తెచ్చి కలిపాక కూడా అంతే రావాలి.