కొండవాలు మీద తవ్వే ముందు, వాన రాకముందు

కొండవాలు మీద స్థలం చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని జేసీబీని పిలిపించి నేల చదును చేయించడం. దయచేసి దాన్ని ఆఖరికి పెట్టుకోండి. వానలకి ఇంకో నెల మాత్రమే ఉందనుకుంటే ఈ ఏడాది అసలు మట్టి కదిలించకండి. కట్టిన ఇంటి కన్నా నాకు ఎక్కువ భయం వేసేది తవ్వి వదిలేసిన స్థలాన్ని చూసినప్పుడే. చెట్లు కొట్టేశారు, పైమట్టి గీకేశారు, గోడ ఇంకా లేవలేదు, నీళ్లు పోవడానికి కాలువ లేదు, ఇంతలో వాన దిగుతుంది. వాన వచ్చేలోపు మూయగలిగినంత నేలనే తెరవాలి. రెండెకరాలు ఒకేసారి గీకితే బండి అద్దె కలిసొస్తుందని కాంట్రాక్టర్ చెప్పినా సరే, ముక్కలు ముక్కలుగానే చేయించండి.

ముందు వాలు ఎంతో కొలవండి, కంటి అంచనా వద్దు. అడ్డంగా 10 మీటర్లు వెళ్లేసరికి నేల 3 మీటర్లు దిగితే అది 30 శాతం వాలు, అంటే దాదాపు 17 డిగ్రీలు. శాతానికీ డిగ్రీకీ తేడా తెలియక ప్లాన్లు తప్పుగా చదివేవాళ్లు ఉన్నారు. 100 శాతం అంటే 45 డిగ్రీలే, నిలువు గోడ కాదు. కొండ కట్టడాల నిబంధనలు చాలాచోట్ల ఈ వాలు లెక్క మీదే నడుస్తాయి. ఇంత దాటితే భూగర్భ నిపుణుడి రిపోర్టు కావాలి, ఇంకా దాటితే అసలు కట్టకూడదు అని ఉంటుంది. మీ ఊళ్లో ఆ అంకె ఎంతో అనుమతులిచ్చే ఆఫీసులో అడిగి కాగితం మీద రాయించుకోండి.

చాలా దేశాలు చూసి రాసుకునే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో మట్టిపని గురించి ఒక అనుబంధం ఉంది. వేరే లెక్క ఉందని నిపుణుడు రిపోర్టులో చూపిస్తే తప్ప, తవ్విన కోత అయినా పోసిన గట్టు అయినా 2 అడుగులు అడ్డంగా వెళ్తే 1 అడుగు లేచేంత వాలు కన్నా నిటారుగా ఉండకూడదని అందులో ఉంది. నిటారుగా కోస్తే నాలుగు గజాల చదును ఎక్కువ వస్తుందని అందరికీ ఆశే. ఎండాకాలంలో ఆ కోత గోడలా నిలబడే ఉంటుంది కూడా, అందుకే మోసపోతాం. వానకి మట్టి రేణువుల మధ్య నీరు చేరి ఒత్తిడి పెరిగితే, వాటిని కలిపి నిలబెట్టే పట్టు సడలుతుంది.

కోత కన్నా ప్రమాదం పోసిన మట్టి. ఒకవైపు తవ్వింది ఇంకోవైపు కిందికి తోసేసి దాని మీదే వరండానో కారు షెడ్డో కడతారు. చూడ్డానికి నేలలాగే ఉంటుంది కానీ అది నేల కాదు, కుప్ప. 1972 జూన్ 18న హాంకాంగ్‌లో, రోజుల తరబడి కురిసిన వానకి, సావ్ మావ్ పింగ్ దగ్గర ఇలా పోసిన గట్టు జారి 71 మంది చనిపోయారు. అదే రోజు పో షాన్ రోడ్ దగ్గర కొండ జారి 12 అంతస్తుల భవనం కూలింది, 67 మంది పోయారు. నాలుగేళ్లకి, 1976లో, సావ్ మావ్ పింగ్‌లోనే మళ్లీ గట్టు జారి 18 మంది పోయారు. ఆ గట్టు మట్టిని సరిగా దిమ్మిస కొట్టకుండా వదులుగా పోశారని విచారణలో తేలింది. 1977లో వాలుల మీద పనుల్ని తనిఖీ చేయడానికే అక్కడ ప్రత్యేక ప్రభుత్వ ఆఫీసు పెట్టారు. కొండ నిబంధనల వెనక ఇలాంటి రోజులు ఉన్నాయి, కాబట్టి "రూల్స్ పేరుతో మమ్మల్ని తిప్పుతున్నారు" అనుకునే ముందు ఒక్కసారి ఇది గుర్తు చేసుకోండి.

మట్టి పోయక తప్పకపోతే ముందు గడ్డి, వేర్లు, పైమట్టి తీసేయాలి. వాలు మీద మెట్లు మెట్లుగా కోసి, వాటి మీద ఒక్కో అడుగు మందం దాటకుండా పొరలు పోస్తూ, ప్రతి పొరనీ తగినంత తేమతో రోలర్‌తో తొక్కించాలి. తర్వాతి పొరకి ముందే గట్టిదనం టెస్ట్ చేయించాలి. అంతా పోశాక పైన మాత్రం రోలర్ తిప్పితే లోపలిది వదులుగానే ఉంటుంది.

ఇక నీళ్లు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు. అదంతా ఒక్క పైపులోంచి వాలు మీదికి వదిలారంటే కొండని మీ చేత్తో మీరే తవ్వుతున్నట్టు. కప్పు నీళ్లని కింద గట్టి కాలువ దాకా పైపులో తీసుకెళ్లండి. కోతకి పైభాగాన అడ్డంగా ఒక కాలువ తవ్వి, పైనుంచి వచ్చే నీళ్లని పక్కకి మళ్లించండి. ఇది వాన రాకముందే అవ్వాలి, గోడ కన్నా ముందు. సెప్టిక్ ట్యాంక్ ఇంకుడు గొయ్యిని వాలు అంచుకి దగ్గరగా పెట్టకండి, అది ఏడాది పొడవునా లోపల తడి పెడుతూనే ఉంటుంది.

రిటైనింగ్ వాల్, అంటే మట్టి జారకుండా ఆపే గోడ, కట్టిన చోట చాలామంది గోడ మందం చూసి ధైర్యపడతారు. వెనక నీళ్లు నిండితే గోడ మీద తోపు పొడి మట్టితో పోలిస్తే రెట్టింపు దాటిపోతుంది, ఆ లెక్కతో కట్టని గోడ ఎంత మందంగా ఉన్నా ఒరిగిపోవచ్చు. వెనక కంకర, అడుగున పైపు, గోడకి వీప్ హోల్స్, అంటే వెనక నీళ్లు బయటికి కారే రంధ్రాలు, ఉండాలి. ఉన్నవి మట్టితో పూడిపోయాయేమో వానకి ముందు పుల్ల పెట్టి చూడండి.

శిఖర రేఖ మీద, అంటే కొండ పైఅంచున కట్టాలనుకునేవాళ్లకి ఒక మాట. చాలాచోట్ల ఇంటి కప్పు శిఖరం కన్నా కిందే ఉండాలని నియమం పెడతారు. అది చూపు కోసమే అని చాలామంది విసుక్కుంటారు, చూపు కూడా నాకు ముఖ్యమే, ఆ గీత కింద ఉన్నవాళ్లందరిదీ. కానీ అక్కడ గాలి వేగం ఎక్కువ, పిడుగు ప్రమాదం ఎక్కువ, కింద అడవి అంటుకుంటే మంట పైకి పరుగున వస్తుంది. దారి వేయడానికే ఇల్లంత కోత కోయాలి. శిఖరం నుంచి కొంచెం దిగి, వాలు తక్కువున్న చోట కట్టుకుంటే వీటిలో సగం తలనొప్పులు ఉండవు.

తవ్వే ముందు కిందివాళ్లకి చెప్పండి. మీ మట్టి జారితే వెళ్లేది వాళ్ల ఇంట్లోకి.

వానలు మొదలయ్యాక రోజూ ఒక చుట్టు తిరిగి, కొండ కదులుతోందనే ఈ గుర్తులు ఉన్నాయేమో చూడండి. నేల మీద కొత్త పగులు, ఒరిగిన చెట్టు లేదా స్తంభం, ఉన్నట్టుండి బిగుసుకున్న తలుపు, ఎప్పుడూ లేని చోట ఊట, తేటగా వచ్చే ఊటలో బురద. పగులు కనిపిస్తే రెండు వైపులా మేకులు కొట్టి మధ్య దూరం కొలిచి, ప్లాస్టిక్ షీటు కప్పి నీళ్లు దిగకుండా చేసి, వెంటనే ఇంజనీర్‌ని పిలవండి. దూరం గంట గంటకీ పెరుగుతుంటే, లేదా చెట్లు విరుగుతున్నట్టు, రాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వినిపిస్తే సామాను సర్దుకోవద్దు. పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని పక్కకి, జారే దారికి అడ్డంగా వెళ్లండి, కిందికి పరుగెత్తకండి. కింద ఇళ్లవాళ్లకి ఫోన్ చేయండి. ఒకసారి జారిన చోట మళ్లీ జారవచ్చు కాబట్టి, వాన ఆగినా, ఈ పని తెలిసిన నిపుణులు వచ్చి చూసి వెళ్లే వరకు లోపలికి రాకండి.