రూపాయి వడ్డీ అంటే నిజంగా ఎంత? పర్సనల్ లోన్ సంతకానికి ముందు, తర్వాత చూసుకోవాల్సినవి

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర టీ కొట్టులో మా బావ ఒక ఫైనాన్స్ ఏజెంటు ఎదురుగా కూర్చున్నాడు. ఏజెంటు పాంప్లెట్ వెనక్కి తిప్పి, పెన్నుతో 12 అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టాడు. "రూపాయి వడ్డీయే బావా, ఇంకేటి ఆలోచిస్తావు? ఊళ్లో రెండు రూపాయలకి తెస్తన్నావు కదా!" అన్నాడు. లక్ష రూపాయల అప్పు, 24 వాయిదాలు, నెలకు 5,167. బావ సంతకం పెట్టేశాడు. ఖాతాలో పడింది మాత్రం 94,640.

అందుకే మొదట చేయాల్సింది లెక్క. ఏజెంటు చెప్పిన 12 శాతం ఫ్లాట్ రేటు. అంటే ఏడాది తిరిగేసరికి అసలులో సగం కట్టేసినా, చివరి వాయిదా దాకా పూర్తి లక్ష మీదే వడ్డీ. మన దగ్గర నిజంగా మిగిలిన అసలు మీద లెక్క కడితే అది సుమారు 21.5 శాతం. రెండు మూడేళ్ల అప్పుకి ఫ్లాట్ రేటును 1.8తో గుణిస్తే నిజమైన రేటు దరిదాపుల్లోకి వస్తారు. ఇక ప్రాసెసింగ్ ఫీజు 2,000, దానిమీద జీఎస్టీ 360, బావ అడగని బీమా 3,000 ముందే కోసుకున్నారు. అవీ కలిపితే ఏడాదికి 27 శాతం దాటింది. నెలకు నూటికి రెండుంపావలా. ఊళ్లో రెండు రూపాయల వడ్డీయే నయం!

ఇంత వడ్డీకి చట్టం ఒప్పుకుంటుందా అని బావ అడిగాడు. పర్సనల్ లోన్‌కి ఇంతకు మించకూడదనే గరిష్ఠ రేటేదీ రిజర్వు బ్యాంకు పెట్టలేదు. రేటు సంస్థ ఇష్టం, కాని దాచకూడదు. మనకున్న ఆయుధం అదే.

కాబట్టి సంతకానికి ముందు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అడగండి. ఏజెంట్లు కేఎఫ్ఎస్ అంటారు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్తగా ఇచ్చే వ్యక్తిగత అప్పులకి ఇది తప్పనిసరి. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అంటే తెలుగులో కావాలని అడగొచ్చు. అందులో ఏపీఆర్ అని ఒక గడి ఉంటుంది. ఫీజులు, సంస్థ ద్వారా వసూలయ్యే బీమా అన్నీ కలిపిన ఏడాది రేటు అదే. మిగతా కాగితాలు తర్వాత చదువుకోవచ్చు, ముందు ఆ గడి చూడండి. వారం, ఆపై గడువున్న అప్పులకి ఆ కాగితం కనీసం మూడు పనిదినాలు చెల్లుతుంది. "ఇవాళే ఆఖరు" అని ఎవరైనా తొందర పెడితే టెన్షన్ పడకుండా కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి రండి. అందులో లేని ఛార్జీని తర్వాత మీ స్పష్టమైన ఒప్పుదల లేకుండా వేయకూడదు.

ఫోన్ యాప్ అయితే అప్పిచ్చేది ఏ బ్యాంకో, ఏ ఫైనాన్స్ కంపెనీయో ముందు తేల్చుకోండి. పేరు చెప్పని యాప్ జోలికి పోవద్దు. కాంటాక్టులు, ఫొటోలు చూస్తామని అడిగిందంటే నిబంధన మీరినట్టే. అప్పు తీసుకున్నాక కనీసం ఒక రోజు గడువుంటుంది. ఆలోగా అసలు, వాడుకున్న రోజులకి వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం కొంత ఉంచుకోవచ్చు.

వాయిదా తప్పితే? అపరాధ రుసుము వేస్తారు, కాని దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ లాగడం కుదరదు. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. గ్రూపు లోన్ల లాంటి మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఆ హద్దు ఉదయం 9, సాయంత్రం 6. మీరితే ఫోన్‌లో కాల్ వివరాలు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ఫిర్యాదు ముందు సంస్థకే, రాతపూర్వకంగా. అందినట్టు రసీదో, ఈమెయిల్ జవాబో దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారికి, రాయొచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. సందేహాలకి 14448. దొంగ యాప్ బెదిరిస్తే 1930. కోర్టు నోటీసు వస్తే విజయనగరమైనా, శ్రీకాకుళమైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది.

ఊళ్లో చేబదులు సంగతి వేరు. దానికి కేఎఫ్ఎస్ లేదు, ప్రోనోటే ఆధారం. వడ్డీ మరీ అన్యాయంగా ఉంటే 1918 నాటి అధిక వడ్డీ అప్పుల చట్టం కింద కోర్టు లెక్కను తిరగదోడి తగ్గించగలదు. బ్యాంకు అప్పులకి ఆ వెసులుబాటు లేదు. ఖాళీ నోటు మీద సంతకం మాత్రం ఎవరికీ పెట్టకండి, అన్నదమ్ములకైనా సరే. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి, డబ్బు ఫోన్‌పేలో పంపితే ఇంకా మంచిది. మీరు సంతకం పెట్టిన చెల్లుతో నోటుకి మరో మూడేళ్లు ఆయుష్షు, అంటే కోర్టులో దావా వేసే గడువు, వస్తుందని కూడా గుర్తుంచుకోండి. బాకీ తీరిన రోజు నోటు అడిగి తీసుకోవాలి. మా ఊళ్లో పెద్దవాళ్లు స్టాంపు మీది సంతకాన్ని అడ్డంగా చింపేస్తే గాని షావుకారు అరుగు దిగరు.