ఇంట్లో నేర్చుకునే నేర న్యాయం – 7: నేరం జరిగాక చేసిన సాయం

దుష్ప్రేరణ (నేరానికి పురికొల్పడం లేదా సాయపడడం) పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు వచ్చిన జవాబులు ఎక్కువగా ఒకేచోట దారి తప్పాయి కాబట్టి ముందు దాన్ని సరిచేసుకుందాం. పరకాలలో హత్య చేసిన మేనల్లుడు ఆ రాత్రే హనుమకొండలోని మేనమామ తలుపు తట్టి జరిగిందంతా చెప్పాడు. మేనమామ అన్నం పెట్టి, పైగదిలో పడుకోబెట్టి, తెల్లవారకముందే చేతిలో డబ్బు పెట్టి కాజీపేటలో రైలెక్కించాడు. మేనమామ చేసిన నేరం ఏమిటన్నది ప్రశ్న. హత్యకు దుష్ప్రేరణ అని మీరు రాశారు. నేరాలు, శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 45వ సెక్షన్ ప్రకారం సాయం దుష్ప్రేరణ కావాలంటే అది నేరానికి ముందో, నేరం జరిగే వేళో అందాలి. ఆయన చేసింది 249వ సెక్షన్ కింద ఆశ్రయమివ్వడమనే వేరే నేరం. అసలు నేరానికి మరణశిక్ష పడే వీలుంది కనుక ఆయనకు ఐదేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. అన్నం, డబ్బు, బట్టలు, వాహనం కూడా ఆశ్రయం కిందికే వస్తాయి.

‘సొంతవాళ్లకు మినహాయింపు ఉంది కదా’ అన్న మాట మాత్రం ఎన్నిసార్లు సరిదిద్దినా మళ్లీ వస్తూనే ఉంది. 249లో మినహాయింపు భార్యకు, భర్తకు మాత్రమే ఉంది. కన్నతల్లికి లేదు, తోడబుట్టినవాళ్లకు లేదు, మేనమామకు అసలే లేదు. భార్యకైనా అది ఆశ్రయం వరకే పనిచేస్తుంది. భర్తను కాపాడాలనే ఉద్దేశంతో ఆమె నెత్తుటి చొక్కాను బకెట్‌లో నానబెట్టి మరక పోయేదాకా బండకేసి ఉతికితే అది సాక్ష్యం మాయం చేయడం. దానికి వర్తించే 238వ సెక్షన్‌లో ఆలుమగల ప్రస్తావనే లేదు, హత్య కేసైతే ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. అందుకే నేను ఏ కేసులోనైనా బంధుత్వాన్ని చివర చూస్తాను. ముందు చేసిన పనిని, తర్వాత తెలిసిన సంగతిని, ఆపైన ఉద్దేశాన్ని చూస్తాను. సాక్ష్యం మాయం చేశారన్న ఆరోపణ నిలవాలంటే అసలు నేరం జరిగినట్టు రుజువు కావాలని, అనుమానం చాలదని సుప్రీంకోర్టు 1952లో పాల్విందర్ కౌర్ కేసులో చెప్పింది.

అభ్యాసం: ‘పని కానిచ్చి రా, దాచే పూచీ నాది’ అని మేనమామ ముందురోజే మాట ఇచ్చి ఉంటే ఆయన బాధ్యత ఎలా మారుతుంది? సంగతి తెలియకుండా స్టేషన్‌కు తీసుకెళ్లిన ఆటో డ్రైవర్, అన్నీ తెలిసీ, పోలీసులు అడిగితే మేనల్లుడు రాలేదన్న మేనత్త ఏ సెక్షన్ల కిందికి వస్తారు, లేదా ఎందుకు రారు? ఒక్కొక్కరిపై ప్రాసిక్యూషన్ (నేరం మోపే ప్రభుత్వ పక్షం) రుజువు చేయాల్సిన అంశాలన్నీ చట్టంలో సెక్షన్ మాటలు చూసి రాయండి.