ఎడమకు ఒరిగిపోయే డ్రైవర్: డిస్క్ గోల్ఫ్‌లో నా అనుభవం

అమెరికాలోని షార్లెట్‌లో డిస్క్ గోల్ఫ్ (పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్కును వీలైనన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేసే ఆట) మొదలుపెట్టిన కొత్తలో, కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్‌గా, అంటే చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి, నేను విసిరిన ప్రతి డ్రైవరూ (ఎక్కువ దూరం పోవడానికి చేసిన డిస్కు) 150 అడుగులు దాటకముందే ఎడమకు ఒరిగి నేలకు దిగిపోయేది. మరింత బలంగా విసరడం, పరుగెత్తుకొచ్చి విసరడం, ఖరీదైన ప్లాస్టిక్ కొనడం, ఏవీ ఫలించలేదు.

చివరకు డిస్కుకు ఇచ్చే నాలుగు అంకెలను, అంటే స్పీడ్ (వేగం), గ్లైడ్ (గాలిలో తేలే గుణం), టర్న్ (నా విసురులో మొదట కుడికి తిరిగే గుణం), ఫేడ్ (చివర ఎడమకు వాలే గుణం)లను, శ్రద్ధగా చదివాను. నా డ్రైవర్ స్పీడ్ 12, ఫేడ్ 3. స్పీడ్ అంకె డిస్కు మనకిచ్చే వేగం కాదనీ, అది సరిగ్గా ఎగరడానికి మన చెయ్యి ఇవ్వవలసిన వేగమనీ అప్పుడు గాని బోధపడలేదు. (దుకాణంలో పెద్ద అంకె చూసి మురిసిపోయింది నేనే.) ముందుగా దాన్ని సంచిలోంచి తీసేసి, రెండు వారాలపాటు మధ్య దూరాలకు వాడే మిడ్‌రేంజ్ డిస్కు ఒక్కటే, నిలబడిన చోటి నుంచే విసిరాను. అది తిన్నగా పోవడం మొదలయ్యాక, అదే వరుసలో 6, 5, -2, 1 అంకెలున్న ఇన్నోవా కంపెనీ లెపర్డ్ డ్రైవర్‌ను తేలికైన 150 గ్రాముల శ్రేణిలో కొని, ముందు అంచు పైకి లేవకుండా చూసుకుంటూ సగం బలంతోనే విసిరితే, అది 200 అడుగులు దాటి, చివర మాత్రమే కాస్త ఎడమకు వాలింది.

ఇందులో డిస్కు వాటా ఎంతో, అంచు దించిన వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. పైగా ఎదురుగాలిలో ఇంత తేలికైన డిస్కు కుడివైపు తిరగబడుతుంది కనుక, గాలి ఎక్కువగా ఉండే చోట ఆడేవారికి ఇదే ఎంపిక కుదరకపోవచ్చు.