ఫోన్ గురించి లెక్చర్ ఇవ్వకుండా పిల్లలతో యంత్రాల మీద పాత కథలు చదవడం ఎలా

ముందే చెప్తున్నా, ఇది పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కునే చిట్కా కాదు. అలాంటిది నా దగ్గర ఉంటే మా ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదింటికి అంత రభస ఎందుకు జరుగుతుంది! యంత్రాల మధ్య పెరిగే పిల్లల గురించీ, వాళ్ల అమ్మానాన్నల గురించీ ఎప్పుడో రాసిన ఇంగ్లిష్ కథలు కొన్ని ఉన్నాయి. పది, పన్నెండేళ్ల పిల్లలతో కూర్చుని వాటిని ఎలా చదవాలో, నేను ఎక్కడ బోల్తా పడ్డానో చెప్తాను.

చిన్నదానితో మొదలుపెట్టండి. ఐజాక్ అసిమోవ్ 1951లో రాసిన ‘ది ఫన్ దే హ్యాడ్’ మహా అయితే పది నిమిషాల చదువు. సీబీఎస్‌ఈ వాళ్లకి తెలిసే ఉంటుంది, తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పుస్తకం ‘బీహైవ్’లో ఏళ్ల తరబడి అదే మొదటి పాఠంగా వచ్చింది. 2157లో పదకొండేళ్ల మార్గీకి ఇంట్లోనే యంత్రం పాఠాలు చెప్తుంది. ఆ పిల్లకి అన్నిటికంటే ఒళ్లుమంట దేనిమీదంటే, హోంవర్క్ వేయాల్సిన కంత మీద. ఇక్కడ పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ‘టీచర్ మేలా, కంప్యూటర్ మేలా’ అని మాత్రం అడగొద్దు, అడిగారంటే పరీక్షలో రాసే జవాబే వస్తుంది. దాని బదులు 2020లో ఆన్‌లైన్ క్లాసులు ఎలా జరిగాయో అడగండి. మరీ చిన్నప్పుడైతే ఇంట్లో అక్కనో అన్ననో అడగమనండి. కెమెరా ఆపేసి పడుకున్న సంగతి, నెట్ లేదని చెప్పిన అబద్ధం, అన్నీ బయటికొస్తాయి.

అసలు కథ రెండోది, రే బ్రాడ్‌బరీ రాసిన ‘ది వెల్ట్’. 1950లో పత్రికలో వచ్చింది, మరుసటి ఏడాది ‘ది ఇలస్ట్రేటెడ్ మ్యాన్’ సంపుటిలో చేరింది. అమెరికా ఇళ్లలోకి టీవీ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ముందు మీరొక్కరే చదవండి, ఎందుకంటే ముగింపు మామూలుగా ఉండదు. రాత్రి పడుకునే ముందు మాత్రం చదివి వినిపించొద్దు. నేను ఆ పొరపాటే చేశాను, ఆ రాత్రి మా అమ్మాయి లైటు ఆర్పనివ్వలేదు.

తెలుగులో చెప్పుకుంటూ పోయేవాళ్లకి మొదటి చిక్కు ‘నర్సరీ’ అనే మాట దగ్గరే వస్తుంది. మన పిల్లలకి నర్సరీ అంటే ఎల్‌కేజీకి ముందు క్లాసు, లేదంటే మొక్కలమ్మే చోటు. అందుకని హాయిగా ‘ఆటగది’ అనేయండి. వెల్ట్ అంటే ఆఫ్రికాలో గడ్డి మైదానం. హ్యాడ్లీ దంపతులు ముప్ఫై వేల డాలర్లు పోసి కొన్న ఇల్లు వంట చేస్తుంది, స్నానం చేయిస్తుంది, జోకొడుతుంది. ఆటగది గోడలేమో పిల్లలు ఏది తలచుకుంటే దాన్ని చూపిస్తాయి. పీటర్, వెండీ అనే పదేళ్ల పిల్లలు తలచుకునేది ఎప్పుడూ ఒకటే, ఎండలో ఎండిన గడ్డి, దేన్నో తింటున్న సింహాలు. (‘పీటర్ పాన్’ కథ తెలిసిన పిల్లలు ఈ పేర్లు అందులోవేనని ఇట్టే పట్టేస్తారు.)

చదివేటప్పుడు రెండు చోట్ల ఆగండి.

కొన్నాళ్లు ఇల్లంతా ఆపేద్దామా అని తండ్రి అన్నప్పుడు పీటర్‌కి పట్టుకునే బెంగ ఒక చోటు. అయితే షూ లేసులు నేనే కట్టుకోవాలా, పళ్లు నేనే తోముకోవాలా అంటాడు వాడు. ఇక్కడ మీరేమీ అనకండి, వాళ్లేమంటారో చూడండి. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, “మనింట్లో లేసులు కట్టే మెషీన్ నువ్వే కదా నాన్నా” అంది. నిజమే, స్కూల్ వ్యాన్ హారన్ కొడుతుంటే దాని లేసులు ఇన్నేళ్లూ నేనే కడుతున్నాను, అదేమో ఒక చేత్తో దోసె తింటూ ఉంటుంది.

రెండోది చివరికి దగ్గర్లో వస్తుంది. తండ్రి అన్నీ ఆపేస్తాడు, పిల్లలు ఏడుస్తారు, కాళ్లావేళ్లా పడతారు, ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం ఆన్ చెయ్యమంటారు. పోనీలే, ఏమవుతుందిలే అని తల్లి కూడా అంటుంది. తండ్రి విసిగిపోయి సరే అంటాడు. తెలుగిళ్లలో ఈ సీను ఎన్నిసార్లు జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. మన పిల్లలు దీన్ని మనకంటే ముందే గుర్తుపడతారు, ముసిముసిగా నవ్వుతారు కూడా. ఆ నిమిషం తర్వాత ఏం జరిగిందో కథలోనే చదువుకోండి.

చదవడం అయ్యాక నోరు మూసుకోవడం అన్నిటికంటే కష్టం. నేను మూసుకోలేదు. “చూశావా, స్క్రీన్‌కి అలవాటు పడితే ఇలాగే ఉంటుంది” అన్నాను. “మరి ఆ గది కొన్నదెవరు?” అని అడిగింది మా అమ్మాయి. సమాధానం లేక పుస్తకం మళ్లీ తిరగేస్తే, కథలో సైకాలజిస్టు మెక్లీన్ తండ్రితో అనేది కూడా ఇంచుమించు అదే. మీ స్థానంలో ఈ గదిని కూర్చోబెట్టింది మీరే, ఇప్పుడొచ్చి దాన్ని ఆపేస్తామంటే పిల్లలకి ద్వేషం రాదా అంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట నా కళ్లకి ఆనలేదు, సింహాలే కనిపించాయి. అందుకే చెప్తున్నా, ఈ కథని పిల్లల మీద బెత్తంలా వాడితే అది తిరిగొచ్చి మనకే తగులుతుంది.

మీ పిల్లలు మరీ భయస్తులైతే దీన్ని పక్కన పెట్టి అసిమోవ్‌దే ‘రాబీ’ చదవండి, 1940 నాటి కథ, ‘ఐ, రోబోట్’ పుస్తకంలో దొరుకుతుంది. మాటలు రాని రోబో ఒకటి ఎనిమిదేళ్ల గ్లోరియాని ఆడిస్తుంది, సిండ్రెల్లా కథ చెప్పమని సైగలతో ఆ పిల్లనే బతిమాలుతుంది. తల్లికి నచ్చక రోబోని పంపించేసి కుక్కని తెస్తారు. పిల్ల ఒప్పుకోదు. టాబ్ లాక్కుని చెస్ బోర్డు చేతిలో పెట్టే నాబోటివాళ్లు చదవాల్సిన కథ.

చివరగా ఇ.ఎం. ఫోర్‌స్టర్ రాసిన ‘ది మెషీన్ స్టాప్స్’. ఇళ్లలో రేడియో కూడా లేని 1909 నాటిది. మూడు భాగాల పెద్ద కథ, పిల్లలకి మొదటి నాలుగైదు పేజీలు చాలు. ఇందులో అంతా తలకిందులు, యంత్రానికి అతుక్కుపోయింది తల్లి, ఆమె కోసం బెంగపడేది కొడుకు. భూమికి అటువైపు నుంచి కొడుకు కూనో ఫోన్ లాంటి పళ్లెంలో కనిపిస్తే, తల్లి వష్టి ఐదు నిమిషాలిస్తాను త్వరగా చెప్పమంటుంది. తల్లిదండ్రుల బాధ్యత బిడ్డ పుట్టిన క్షణంతో తీరిపోతుందని యంత్రాన్ని ఎలా వాడాలో చెప్పే వాళ్ల పుస్తకంలో రాసి ఉంటుంది, పేజీ నంబరు 422327483. ఆ నంబరు పిల్లల చేత పైకి చదివించండి, సరదాగా ఉంటుంది.

దీన్ని నాటకంలా చదివితే బాగుంటుంది. తల్లి మాటలు పిల్లలకిచ్చి, కొడుకు మాటలు మీరు తీసుకోండి. మా అమ్మాయి “ఆ, చెప్పు, వింటున్నా” అని కథలో లేని మాట ఒకటి కలిపింది, తల కూడా ఎత్తకుండా, అచ్చం నాలాగే.

ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే వాళ్లనీ కూర్చోబెట్టండి. మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది, ప్రతి ఆదివారం పొద్దున మా అమ్మ ఫోన్‌ని చెంబుకి ఆనించి మనవడితో మాట్లాడుతుంది. ఈ పళ్లెంలో నీలాంటిదేదో కనిపిస్తోంది గానీ నువ్వు కనిపించట్లేదమ్మా అని కూనో అనే చోట మిగతా కథ ఆవిడకి అక్కర్లేకపోయింది. “వాడు చెప్పింది నిజమే, బుగ్గ గిల్లుదామంటే అందదు కదా” అని లేచి పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్లిపోయింది.