థీసిస్ సిమిలారిటీ రిపోర్ట్: నేను ఎలా తగ్గించానంటే

విశాఖ ఆర్కే బీచ్ కోత మీద రాసిన నా పీహెచ్‌డీ థీసిస్‌కి 31 శాతం సిమిలారిటీ (అంటే సాఫ్ట్‌వేర్ చూపించే, ఇతరుల రాతలతో పోలిక) వచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాటితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. తీరా రిపోర్ట్ తెరిచి చూస్తే పోలిక చూపించే రంగుల్లో సగం రిఫరెన్సుల జాబితా మీదే! ఆ జాబితానీ, మూలం చెప్పిన కొటేషన్లనీ లెక్కలోంచి తీయించాను, ఆ మినహాయింపు నిబంధనల్లోనే ఉంది.

మిగిలిందే అసలు పని. విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ అడ్డుపడి ఇసుక ఉత్తరానికి కదలడం తగ్గిందన్న పేరా నేను చదివిన పేపర్లన్నిట్లో దాదాపు ఒకేలా ఉంది. పేపర్ మూసేసి, అర్థమైనది చెల్లికి చెప్పినట్టు రాసి, పక్కనే మూలం పెట్టాను. పారాఫ్రేజింగ్ టూల్స్ జోలికి మాత్రం పోకండి, మాటలు మారినా ఆలోచన వేరేవాళ్లదే కదా, మూలం చెప్పకపోతే అదీ కాపీయే.