హైదరాబాద్‌లో రోజూ నడిపే కారుకు ఎంత హార్స్‌పవర్ సరిపోతుందో లెక్క వేసుకునే పద్ధతి

కారు కొనేటప్పుడు ధర, మైలేజీ, డిక్కీ సైజు గురించి ఇంటిల్లిపాదీ చర్చిస్తారు కానీ, ఇంజిను శక్తి దగ్గరకు వచ్చేసరికి ఎక్కువ ఉంటే మంచిదన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ అంకెను కారు బరువుతో, మీరు తిరిగే రోడ్లతో కలిపి చూస్తేనే దానికి అర్థం ఉంటుంది. నలుగురున్న కుటుంబం, రోజూ ఆఫీసు ప్రయాణం, వారాంతంలో ఔటర్ రింగ్ రోడ్డు, పండుగలకు సొంతూరు అనుకుంటే, చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు 80 నుంచి 90 హార్స్‌పవర్, బరువైన కాంపాక్ట్ ఎస్‌యూవీకి 100 నుంచి 120 హార్స్‌పవర్ చాలునని నా అభిప్రాయం. అంతకంటే ఎక్కువ కోరుకోవడం తప్పేమీ కాదు, కానీ దాన్ని అవసరంగా కాక ఇష్టంగా లెక్కించుకోవాలి. ఈ అంకెలు ఎలా వచ్చాయో తెలిస్తే మీ అవసరానికి తగిన అంకెను మీరే తేల్చుకోగలుగుతారు.

ముందుగా కొలమానాల సంగతి. బ్రోచర్లలో ఒక కంపెనీ పీఎస్ అని, మరొకటి బీహెచ్‌పీ అని (రెండూ హార్స్‌పవర్‌కు పేర్లే), ఇంకొకటి కిలోవాట్లలో శక్తిని చెబుతుంది. ఒక పీఎస్ అంటే 735.5 వాట్లు, ఒక బీహెచ్‌పీ అంటే దాదాపు 746 వాట్లు, కాబట్టి ఈ రెండింటి తేడాను పట్టించుకోనక్కరలేదు. కిలోవాట్లలో ఇస్తే 1.36తో గుణించండి. ఏ రూపంలో ఇచ్చినా అది ఇంజిను ఒకానొక వేగంలో, సాధారణ పెట్రోల్ ఇంజిన్లలోనైతే 5,500 లేదా 6,000 ఆర్పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, ఇచ్చే గరిష్ఠ శక్తి మాత్రమే. ఊరిలో నడిపేటప్పుడు ఆ ఆర్పీఎం దరిదాపులకు కూడా మనం వెళ్లం.

మామూలు ప్రయాణానికి నిజానికి చాలా తక్కువ శక్తి సరిపోతుంది. మనుషులతో కలిపి 1,300 కిలోలు తూగే ఒక సాధారణ కారు సమతలంగా ఉన్న రోడ్డుపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా సాగడానికి చక్రాల దగ్గర 6 హార్స్‌పవర్ చాలు. వంద వేగానికి 17 లేదా 18, ఔటర్ రింగ్ రోడ్డుపై గరిష్ఠ పరిమితి అయిన 120కి సుమారు 27 కావాలి. వేగం పెరిగే కొద్దీ గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి అంకెలు ఇలా ఎగబాకుతాయి. 1983లో వచ్చిన మారుతి 800 తన 796 సీసీ ఇంజినుతో, 40 లోపు హార్స్‌పవర్‌తోనే ఎన్నో కుటుంబాలను తిరుపతికి, శ్రీశైలానికి తీసుకువెళ్లి క్షేమంగా తీసుకురావడం వెనుక ఉన్న లెక్క ఇదే.

మరి మిగతా శక్తి దేనికంటే, వేగం పెంచుకోవలసిన ఆ కొద్ది క్షణాలకు. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల వైపు మర్రిచెట్ల మధ్య సాగే బీజాపూర్ రోడ్డునే తీసుకోండి. ఇరుకైన చోట, ముందు 60 వేగంతో పోతున్న ఇసుక లారీని దాటడానికి మీరు 90 వేగం అందుకోవాలనుకుందాం. అదే 1,300 కిలోల కారు 60 నుంచి 90కి 8 సెకన్లలో చేరాలంటే, వేగం పెంచడానికి సగటున 38 హార్స్‌పవర్, గాలి, టైర్ల నిరోధానికి మరో 9 ఖర్చవుతాయి. గేర్‌బాక్సులో వృథా అయ్యేది, ఏసీ తీసుకునేది కలిపితే ఇంజిను నుంచి సగటున 56 హార్స్‌పవర్ రావాలి. ఆ సమయమంతా ఇంజిను గరిష్ఠ స్థాయిలో ఉండదు, అందులో డెబ్బై శాతం సగటున అందిందనుకుంటే, బ్రోచర్‌లో కనిపించవలసిన అంకె 80. ఇదే పని 6 సెకన్లలో జరగాలంటే ఆ అంకె వందకు చేరుతుంది. ఎదురుగా 80 వేగంతో వచ్చే వాహనం ఆ రెండు సెకన్ల తేడాలో 44 మీటర్లు ముందుకు వస్తుంది. 80కీ 100కీ మధ్య ఉన్న తేడా విలువ అదే. ఔటర్‌పై ర్యాంపు నుంచి ప్రధాన వరుసలోకి చేరేటప్పుడు కూడా లెక్క దాదాపు ఇలాగే ఉంటుంది.

ఘాట్ రోడ్డుకు ఎక్కువ హార్స్‌పవర్ కావాలన్న నమ్మకం బలంగా ఉంది, కానీ అది పూర్తిగా సరైనది కాదు. నూరు మీటర్లకు ఎనిమిది మీటర్లు ఎత్తు పెరిగే రోడ్డును 40 వేగంతో ఎక్కడానికి అదే కారుకు అదనంగా కావలసింది 15 హార్స్‌పవర్ మాత్రమే. ఈగలపెంట నుంచి కృష్ణ దాకా దిగి, వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కే మలుపుల్లో అంతకు మించిన వేగం ఎలాగూ కుదరదు. అక్కడ కావలసింది తక్కువ ఆర్పీఎంలో లాగే టార్క్ (చక్రాలను తిప్పే బలం), సరైన గేరు. రెండో గేరులో వెళ్లవలసిన చోట మూడో గేరులో నెట్టుకుపోయి, పికప్ లేదని కారును నిందించేవారు చాలామందే ఉన్నారు.

ఇక అసలు కొలత దగ్గరకు వద్దాం. బ్రోచర్‌లోని కెర్బ్ వెయిట్‌కు, అంటే మనుషులు, సామాను లేని కారు బరువుకు, నలుగురు మనుషులకు 280 కిలోలు, సామానుకు 50 కిలోలు కలపండి. వచ్చిన మొత్తాన్ని టన్నుల్లోకి మార్చి, హార్స్‌పవర్‌ను దానితో భాగించండి. నిండు బరువు మీద టన్నుకు 50 హార్స్‌పవర్ వస్తే నగరం లోపలి ప్రయాణాలకు హాయిగా సరిపోతుంది. ఔటర్, విజయవాడ రహదారి తరచుగా వాడేవారికి 60 నుంచి 65 ఉండాలి. ఎప్పుడూ నిండు సామానుతో రెండు వరుసల రోడ్లపై దూరప్రయాణాలు చేసేవారికి 75 దాకా ఉంటే మంచిది. ఉదాహరణకు 82 పీఎస్ శక్తి ఉన్న ఇప్పటి స్విఫ్ట్ నిండుగా దాదాపు 1,250 కిలోలు తూగుతుంది, అంటే టన్నుకు 65 వస్తుంది. 67 పీఎస్ ఇచ్చే ఒక లీటర్ వ్యాగన్ఆర్‌కు 58 వస్తుంది. అదే వ్యాగన్ఆర్ సీఎన్‌జీ మీద నడిచేటప్పుడు 57 పీఎస్ మాత్రమే ఇస్తుంది, పైగా సిలిండర్ బరువు ఎప్పుడూ వెంట ఉంటుంది, కాబట్టి టన్నుకు 50 కంటే కిందికి పడిపోతుంది. అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లి రావడానికి దానికి వంక పెట్టలేం. ఐదుగురితో ఖమ్మం ప్రయాణం ప్రతి నెలా ఉంటే మాత్రం మరోసారి ఆలోచించాలి.

మన ఎండల్లో ఏసీని విడిగా లెక్క వేయాలి. కంప్రెసర్ తీసుకునేది 3 నుంచి 4 హార్స్‌పవర్. ఆరువేల ఆర్పీఎంలో అది కనిపించదు, కానీ ఒక లీటర్ పెట్రోల్ ఇంజిను 1,500 ఆర్పీఎం దగ్గర ఇవ్వగలిగేదే 16 హార్స్‌పవర్ చుట్టూ ఉంటుంది. అందులో నాలుగో వంతు ఏసీకే పోతుంది. మే నెలలో జూబ్లీహిల్స్ మిట్ట మీద సిగ్నల్ దగ్గర ఆగి బయలుదేరినప్పుడు, క్లచ్ వదులుతున్న సమయంలోనే కంప్రెసర్ అందుకుంటే బండి కుంగినట్టు అనిపించేది ఇందుకే. దీనికి తోడు హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. టర్బో (ఇంజినులోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని ఇంజిను ప్రతి వంద మీటర్ల ఎత్తుకు ఒక శాతం చొప్పున శక్తి కోల్పోతుంది కాబట్టి, బ్రోచర్‌లోని 82 ఇక్కడ 78 అనుకోవచ్చు.

అందువల్ల గరిష్ఠ శక్తి కంటే 2,000 ఆర్పీఎం దగ్గర ఎంత శక్తి ఉందో తెలుసుకోవడం నగరవాసికి ఎక్కువ ఉపయోగం. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. హ్యుందాయ్ వెన్యూ ఒక లీటర్ టర్బో ఇంజిను 1,500 ఆర్పీఎం నుంచే 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఈ లెక్కన 2,000 దగ్గర అది 49 పీఎస్ అందిస్తుంది. అదే కారులోని 1.2 లీటర్ మామూలు ఇంజినుకు గరిష్ఠ టార్క్ 114, అదీ 4,000 దగ్గర. 2,000 దగ్గర వంద న్యూటన్ మీటర్లు ఇచ్చిందనుకున్నా వచ్చేది 28 లేదా 29 పీఎస్. బ్రోచర్‌లో 120, 83 అన్న అంకెల మధ్య కనిపించే తేడా కంటే రోడ్డు మీద తేడా పెద్దది. అయితే 1,500 కంటే కింద, కూకట్‌పల్లి వంటి చోట్ల జామ్‌లో అంగుళం అంగుళం కదిలేటప్పుడు, కొన్ని టర్బో ఇంజిన్లు మందకొడిగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతాయి. నిత్యం ఆ దారిలోనే తిరిగేవారికి మామూలు ఇంజినులోని నిదానం సుఖంగా ఉంటుంది.

ఎలక్ట్రిక్ కార్లకు ఈ కొలతలను కొంచెం సడలించవచ్చు. మోటారు కదిలిన క్షణం నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, గేర్లు మార్చే విరామం ఉండదు. 42 పీఎస్ ఉన్న ఎంజీ కామెట్ నగరంలో చురుగ్గా సాగేది అందుకే, ఔటర్ మీద మాత్రం దాని పరిమితి త్వరగా తెలిసిపోతుంది. గేర్లు తనంతట తానే మార్చుకునే ఏఎంటీ గేర్‌బాక్సులో గేరు మారే సమయంలో ఇంజిను లాగడం ఆగుతుంది కనుక ఓవర్‌టేక్ లెక్కకు ఒక సెకను అదనంగా కలుపుకోవాలి.

కాగితం మీద లెక్క కుదిరాక కారు నడిపి చూడండి. షోరూమ్ వారు ఖాళీ కారులో చదునైన రోడ్డు మీద తిప్పి తెస్తే దాన్ని పరీక్షగా లెక్కించకండి. ఇంట్లో పెద్దవాళ్లను, పిల్లలను వెంట తీసుకువెళ్లి నాలుగు సీట్లూ నింపండి, ఏసీని పూర్తిగా పెట్టండి, మధ్యాహ్నం వేళ వెళ్లండి. బంజారాహిల్స్ లేదా జూబ్లీహిల్స్‌లో ఎత్తు ఎక్కే రోడ్డు మీద పూర్తిగా ఆగి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మళ్లీ కదిలించండి. ఇంజిను మీద ఒత్తిడి పడుతోందా, క్లచ్‌ను ఎక్కువసేపు సగంలో పట్టుకోవలసి వస్తోందా గమనించండి. తర్వాత గచ్చిబౌలి లేదా నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ ఎక్కి, ర్యాంపు మీద 40 నుంచి 80కి చేరడానికి పట్టే సమయాన్ని పక్కన కూర్చున్నవారిని లెక్కపెట్టమనండి. పది సెకన్లలోపు అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. పన్నెండు దాటితే ఆ కారు మీ ప్రయాణాలకు చిన్నది.

శక్తి కోసం పెట్టే ఖర్చును కూడా ఆలోచించాలి. మన దగ్గర కార్ల జీఎస్టీ శ్రేణి హార్స్‌పవర్‌ను బట్టి కాక ఇంజిను సీసీ, కారు పొడవును బట్టి ఉంటుంది. పెట్రోల్‌కు 1,200 సీసీ, పొడవు 4 మీటర్లు అన్న గీత దాటకుండానే టర్బోతో 120 పీఎస్ ఇచ్చే కార్లు దొరుకుతున్నాయి, కాబట్టి శక్తి కోసమే పెద్ద ఇంజిను వైపు వెళ్లనక్కరలేదు. బడ్జెట్ బిగుతుగా ఉండి, అదనపు 30 హార్స్‌పవర్, ఆరు ఎయిర్‌బ్యాగులతో పాటు ఈఎస్‌సీ (కారు జారిపోకుండా అదుపులో ఉంచే వ్యవస్థ) ఉన్న వేరియంట్ మధ్య ఎంచుకోవలసి వస్తే, రెండో దానికే డబ్బు పెట్టండి.

ఇప్పటికే ఉన్న కారు లాగడం లేదని మార్చాలనుకుంటున్నవారు ముందుగా ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, టైర్లలో గాలి, బ్రేకులు పట్టేసి ఉన్నాయా అన్నది చూపించుకోవాలి. నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఆర్పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అరిగాయని అర్థం. అవి మార్చించి, పైన చెప్పిన ర్యాంపు పరీక్షను నిండు బరువుతో మరోసారి చేసి చూసుకున్న తర్వాతే షోరూముకు వెళ్లండి.